థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ను ఆసిలోస్కోప్‌తో పరీక్షించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు షెడ్లలో పనిచేసే మెకానిక్కులు, సొంత బండిని తామే చూసుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. స్కానర్‌లో ఒక కోడు కనపడగానే, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ (టీపీఎస్) మార్చేయడం, కొత్తది వేసినా జర్కు పోకపోతే దిక్కు తోచకపోవడం మన దగ్గర మామూలైపోయింది. తప్పు సెన్సర్‌దా, వైరుదా, 5 వోల్టుల సరఫరాదా అన్నది ఆసిలోస్కోప్ (వోల్టేజీ క్షణక్షణం ఎలా మారిందో గీతగా చూపే పరికరం, పొట్టిగా స్కోపు) తెర మీది గీతలోనే ఉంటుంది. ఆ గీత చదవడం వచ్చేదాకా సెన్సర్ కొనకండి.

ఈ సెన్సర్ లోపల ఏముంటుంది?

కేబుల్‌తో నడిచే థ్రాటిల్ బాడీకి పక్కన బిగించే టీపీఎస్ చాలావరకు మూడు వైర్ల పొటెన్షియోమీటరే. ఒక వైరులో ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) నుంచి 5 వోల్టులు, ఒకటి ఎర్తు, మూడోది సిగ్నల్. లోపల అర్ధచంద్రాకారంలో ఒక రెసిస్టెన్స్ పట్టీ, దాని మీద జారే చిన్న బ్రష్షు ఉంటాయి. బటర్‌ఫ్లై (గాలి దారిలో తిరిగే గుండ్రటి రేకు) తిరిగితే బ్రష్షు జరుగుతుంది, సిగ్నల్ వోల్టేజీ మారుతుంది. మూసి ఉన్నప్పుడు సుమారు 0.5 వోల్టు, పూర్తిగా తెరిచినప్పుడు 4 నుంచి 4.5 వోల్టుల మధ్య ఉండటం మామూలు. అంటే బటర్‌ఫ్లై ఒక డిగ్రీ తిరిగితే దాదాపు 50 మిల్లీవోల్టుల మార్పు. నాలుగో వైరు ఉంటే అది తరచుగా ఐడిల్ స్విచ్చిది.

పాత రేడియో వాల్యూమ్ నాబ్ తిప్పితే ఒక చోట గరగరమంటుంది కదా, ఇందులో అరిగేదీ అలాంటి పట్టీయే. రేడియోలో చెవికి వినపడేది ఇక్కడ ఈసీఎంకు తప్పుడు లెక్కగా చేరుతుంది.

మల్టీమీటరు ఉండగా స్కోపు ఎందుకు?

మామూలు డిజిటల్ మీటరు సెకనుకు రెండు, మూడు సార్లే అంకె మారుస్తుంది. మారే ప్రతిసారీ అంతసేపటి సగటే చూపిస్తుంది. బ్రష్షు అరిగిన చోటు దాటేటప్పుడు సిగ్నల్ తెగేది కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే. ఆ గుంట మీటరులో కనపడదు, కానీ ఈసీఎం దాన్ని చూసి ఇంధనం తగ్గించేస్తుంది. మీటరుతో మూసిన వోల్టేజీ, తెరిచిన వోల్టేజీ, ఎర్తు బాగున్నాయా అన్నవి తెలుసుకోవచ్చు. మధ్యలో పట్టీ అతుకులు లేకుండా ఉందా అన్నది మీటరు పని కాదు.

స్కానర్‌లో థ్రాటిల్ శాతం చూసి సరేననుకోవడం ఇంకా మోసం. ఆ అంకె ఈసీఎం వడపోసి పంపినది. సిగ్నల్ మరీ చెడిపోతే కొన్ని ఈసీఎంలు అసలు విలువ వదిలేసి తమ సొంత విలువ పెట్టుకుంటాయి. మీరు చూస్తున్నది సెన్సర్ మాటో, ఈసీఎం మాటో స్కానర్ తెర చెప్పదు.

ఏ లక్షణాలుంటే టీపీఎస్‌ను అనుమానించాలి?

ఎక్సిలేటరు మెల్లగా తొక్కినప్పుడు ఒకే చోట తడబడటం, అదే చోటు దాటి తొక్కితే బాగా లాగడం దీని ముఖ్య లక్షణం. ఒకే వేగంలో పోతున్నప్పుడు చిన్న చిన్న జర్కులు, ఐడిల్‌లో ఆర్‌పీఎం పైకీ కిందకీ ఆడటం, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం కూడా ఉంటాయి. ఆటోమేటిక్ గేరు బండిలో గేరు మారాల్సిన చోట మారదు.

తిరుమల నుంచి దిగేటప్పుడే జర్కులు వస్తున్నాయని చెప్పే కస్టమరు మాట కొట్టిపారేయకండి. దిగుడు దారిలో గేరులో ఉంచి ఎక్సిలేటరు వదిలేస్తే, థ్రాటిల్ మూసి ఉందని చూసి ఈసీఎం ఇంజెక్టర్లను ఆపేస్తుంది. పట్టీలో ఐడిల్ దగ్గరి భాగం అరిగి సిగ్నల్ ఆడుతుంటే, మూసి ఉందా లేదా అన్నది ఈసీఎంకు తేలదు. ఇంధనం ఆపుతుంది, ఇస్తుంది, మళ్లీ ఆపుతుంది. హెయిర్‌పిన్ మలుపుల మొదటి ఘాట్‌లో ఇంజిన్ బ్రేకింగ్ మీదే దిగాలి కాబట్టి ఆ జర్కు స్పష్టంగా తెలుస్తుంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఇదే తప్పు పట్టుబడదు.

ఇంకొక లక్షణం చాలామందికి తట్టదు. పూర్తిగా తొక్కి స్టార్టు కొడితే ఎన్నో బండ్లలో ఈసీఎం పెట్రోలు ఆపేస్తుంది; ప్లగ్గులు తడిసినప్పుడు ఆరబెట్టడానికి పెట్టిన ఏర్పాటిది. టీపీఎస్ సిగ్నల్ పైకి అతుక్కుపోతే, ఎవరూ తొక్కకపోయినా తొక్కినట్టే లెక్క. బండి స్టార్టవదు, పంపు మీద, ఇంజెక్టర్ల మీద అనుమానం పోతుంది.

ఎలాంటి స్కోపు సరిపోతుంది?

ఇది నెమ్మదిగా మారే సిగ్నల్, కాబట్టి చేతిలో పట్టే చిన్న స్కోపైనా, ల్యాప్‌టాప్‌కు తగిలించే యూఎస్‌బీ స్కోపైనా చాలు. మెగాహెర్ట్జుల కన్నా రెండు చానళ్లు ఉండటం, మెమరీ ఎక్కువ ఉండటం ముఖ్యం. ఒక లెక్క చూడండి. తెర మీద 5 సెకన్లు పట్టాలి. మెమరీ 10,000 పాయింట్లయితే ప్రతి 0.5 మిల్లీసెకనుకు ఒక పాయింటు పడుతుంది, 1 మిల్లీసెకను గుంట దొరుకుతుంది. మెమరీ 1,000 పాయింట్లే అయితే 5 మిల్లీసెకన్లకు ఒకటి పడుతుంది, అదే గుంట రెండు పాయింట్ల మధ్యన జారిపోతుంది. మెమరీ తక్కువున్న స్కోపులో పీక్ డిటెక్ట్ (పాయింట్ల మధ్య వచ్చే గుంటలను కూడా పట్టే సెట్టింగు) ఉంటే తప్పకుండా ఆన్ చేయండి, లేకపోతే ఒకేసారి 5 సెకన్లు కాకుండా 1 సెకను చొప్పున ముక్కలుగా చూడండి.

ప్రోబు ఎక్కడ, ఎలా పెట్టాలి?

కప్లర్ (సెన్సర్‌కు వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీయకుండా, దాని వెనక వైపు నుంచి వైరు పక్కగా సన్నని బ్యాక్‌ప్రోబ్ పిన్నును లోహం తగిలేదాకా దూర్చండి. వైరు తోలు పొడవకండి. మన వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. పొడిచిన రంధ్రం గుండా తేమ లోపలికి దిగి, రాగి చిలుము పట్టి, కొన్ని నెలలకు కొత్త తప్పు పుడుతుంది. కప్లర్ ముందు వైపు నుంచి పిన్ను దూరిస్తే టెర్మినల్ వదులైపోతుంది, అది ఇంకా చెడ్డ పని.

వైరు రంగును నమ్మి మొదలుపెట్టకండి, బండి బండికీ మారుతుంది. కీ ఆన్ చేసి మీటరుతో చూస్తే ఒక వైరులో కదలని 5 వోల్టులు, ఒకదానిలో దాదాపు సున్నా, తొక్కితే మారేది సిగ్నల్. స్కోపు మొదటి చానల్ సిగ్నల్‌కు, రెండోది 5 వోల్టులకు పెట్టండి. ప్రోబు ఎర్తు క్లిప్పు బ్యాటరీ నెగటివ్‌కు. ప్రోబు మీద ×10 స్విచ్చు (సిగ్నల్‌ను పదో వంతుకు తగ్గించేది) ఉంటే స్కోపు లోపల కూడా ×10 అని పెట్టాలి. ఇది మరిచిపోయి 4.5కు బదులు 0.45 వోల్టులు చూసి సెన్సర్ చచ్చిందని తేల్చినవాళ్లున్నారు.

సెట్టింగులు ఏమిటి?

రెండు చానళ్లకూ గడికి 1 వోల్టు, డీసీ కప్లింగ్. ఏసీ కప్లింగ్‌లో పెడితే నెమ్మదైన మార్పు తెర మీద కనపడకుండా పోతుంది. సున్నా గీతను కింది నుంచి ఒక గడి పైకి ఉంచండి, అప్పుడు సున్నాకు కిందికి దిగే సిగ్నల్ కూడా తెర దాటిపోదు. సమయం గడికి 500 మిల్లీసెకన్లు, పది గడుల తెరకు 5 సెకన్లు. ట్రిగ్గర్ (గీత ఎప్పుడు పట్టాలో స్కోపుకు చెప్పే సెట్టింగు) ఆటోలో గానీ, గీత ఆగకుండా జరిగే రోల్ మోడ్‌లో గానీ. మొదటిసారి ఫిల్టరు ఆన్ చేయకండి, మనం వెతికే గుంటనే అది నున్నగా చెరిపేస్తుంది.

పరీక్ష వరస ఎలా?

ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచండి. ముందు తొక్కకుండా వోల్టేజీ రాసుకోండి. తర్వాత ఎక్సిలేటరును రెండు, మూడు సెకన్లు తీసుకుంటూ మెల్లగా పూర్తిగా తొక్కి, అంతే మెల్లగా వదలండి. పాదంతో నిదానం కుదరకపోతే బానెట్ తెరిచి కేబుల్ క్వాడ్రంట్‌ను (థ్రాటిల్ బాడీ మీద కేబుల్ చుట్టుకునే చక్రాన్ని) చేత్తో తిప్పండి, ఇదే మంచి పద్ధతి. ఒకసారి కాదు, వరసగా ఆరేడుసార్లు. అప్పుడు గుంట ప్రతిసారీ ఒకే వోల్టేజీ దగ్గర పడుతోందా అన్నది తెలుస్తుంది. ఒకే చోట పడితే పట్టీ అరిగింది. వేర్వేరు చోట్ల పడితే కప్లర్ గానీ వైరు గానీ వదులు.

ఆ తర్వాత అరిగే అవకాశం ఎక్కువున్న చోటు మీద దృష్టి పెట్టండి. ఊళ్లో తిరిగే బండిలో ఐడిల్ నుంచి పావు థ్రాటిల్ వరకు బ్రష్షు ఎక్కువసేపు కదులుతూ ఉంటుంది, పట్టీ అక్కడే ముందు పోతుంది. సమయం గడికి 100 మిల్లీసెకన్లకు తగ్గించి, ఆ భాగంలోనే పాదాన్ని కొద్ది కొద్దిగా ఆడించండి. రోజూ కొండకు తిరిగే ట్యాక్సీలో, పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కే బండిలో, పాదం మధ్య స్థానంలో చాలాసేపు నిలబడుతుంది. కాబట్టి వాటిలో సగం థ్రాటిల్ దగ్గర కూడా ఇదే చేయండి.

చివరగా ఒకసారి వేగంగా తొక్కి వదిలి చూడండి. నిదానంగా తిప్పినప్పుడు అతుక్కుని ఉన్న బ్రష్షు వేగానికి ఎగిరిపడటం ఉంటుంది. థ్రాటిల్‌ను కదలకుండా ఉంచి సెన్సర్ మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. కప్లర్‌ను, హార్నెస్‌ను (వైర్ల కట్టను) అటూ ఇటూ కదపండి. ఇంత చేసినా పది నిమిషాల పనే.

మంచి గీత ఎలా ఉండాలి?

అడుగున ఒక సమతలం, అక్కడి నుంచి తెగకుండా ఎక్కే వాలు, పైన ఇంకొక సమతలం, మళ్లీ దిగుడు. వాలు ఇటుపక్కా అటుపక్కా నున్నగా ఉండాలి. ఎక్కేటప్పుడు కొద్దిగా వంకర ఉంటే అది మీ పాదం నిలకడలేమి. అటువంటి వంకరలో గీత గుండ్రంగా తిరుగుతుంది, తప్పున్న చోట నిటారుగా పడి నిటారుగా లేస్తుంది. ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. వేగంగా తొక్కినప్పుడు పైభాగంలో కనపడే ఒకటి రెండు చిన్న ఊగులు బటర్‌ఫ్లై స్టాపరుకు తగిలి అదరడం వల్ల, తప్పు కాదు.

గుంట కిందికి పడితే ఒక అర్థం, పైకి లేస్తే ఇంకొక అర్థమా?

రెండూ బ్రష్షు పట్టీని వదిలేసిందనే చెబుతాయి. దిశను తేల్చేది ఈసీఎం. సిగ్నల్ వైరును ఈసీఎం లోపల ఒక రెసిస్టరు ఎర్తు వైపు లాగి ఉంచితే గుంట సున్నాకు పడుతుంది, 5 వోల్టుల వైపు లాగి ఉంచితే పైకి లేస్తుంది. కప్లర్ ఊడదీసి, సిగ్నల్ వైరును ఈసీఎం వైపు కొలిస్తే మీ బండిది ఏ రకమో తెలుస్తుంది.

అసలు చూడాల్సింది రెండో చానల్. సిగ్నల్‌లో గుంట పడిన క్షణంలోనే 5 వోల్టుల గీతలో కూడా గుంట పడితే టీపీఎస్ మంచిదే. ఆ 5 వోల్టులు చాలా బండ్లలో మ్యాప్ సెన్సరు (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది), ఏసీ ప్రెజర్ సెన్సరు లాంటి వాటికి కూడా పోతాయి. వాటిలో ఒకటి లోపల షార్టయినా, వాటి వైరు బాడీకి రాసుకున్నా అందరి సరఫరా పడిపోతుంది. ఒక్కొక్క సెన్సర్ కప్లర్ తీస్తూ 5 వోల్టుల గీత చూడండి. ఏది తీస్తే గీత నిలబడిందో తప్పు ఆ దారిలోనే ఉంది.

గీత నున్నగానే ఉంది, వోల్టేజీలు మాత్రం తేడాగా ఉన్నాయి. ఎందుకు?

ఇక్కడ ఎర్తును, సరఫరాను విడిగా గుర్తుపట్టే లెక్క ఒకటుంది. 5 కిలో ఓమ్‌ల సెన్సర్‌కు ఎర్తు వైరులో 500 ఓమ్‌ల అడ్డు వచ్చిందనుకోండి. 0.5 ఉండాల్సిన చోట సుమారు 0.9 వస్తుంది, 4.5 ఉండాల్సిన చోట సుమారు 4.55 మాత్రమే. కింద బాగా లేచి, పైన దాదాపు కదలకపోతే ఎర్తు చూడండి. అదే అడ్డు 5 వోల్టుల వైరులో ఉంటే తిరగబడుతుంది: కింద 0.45, పైన 4.1. రెండు చివరలూ ఒకే అంత జరిగితే సెన్సర్ బిగింపు తిరిగిపోయింది.

ఎర్తును నేరుగా కొలవాలంటే సెన్సర్ ఎర్తు పిన్నుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య చూడండి. కీ ఆన్‌లో 50 మిల్లీవోల్టులకు మించకూడదు. ఎర్తు పూర్తిగా తెగితే సిగ్నల్ 5 వోల్టుల దగ్గరికి పోయి పి0123 (సిగ్నల్ ఎక్కువ) కోడు వస్తుంది. 5 వోల్టులు తెగితే సున్నాకు పడి పి0122 (సిగ్నల్ తక్కువ) కోడు వస్తుంది. సిగ్నల్ వైరు మధ్యలో తెగితే సెన్సర్ దగ్గర గీత చక్కగానే ఉంటుంది, ఈసీఎం దగ్గరికి ఏమీ చేరదు. కాబట్టి సెన్సర్ వైపు అంతా బాగుండి కోడు మాత్రం పోకపోతే ఈసీఎం పిన్ను దగ్గర కూడా స్కోపు పెట్టండి. 2021 నవంబరు వరదలో మునిగిన తిరుపతి బండ్లకు కప్లర్ టెర్మినళ్లు, ఎర్తు బోల్టులే ముందు చూడాల్సిన చోట్లు.

ఇంజిన్ నడుస్తుంటే గీత నిండా ముళ్లు కనపడుతున్నాయి. సెన్సర్ పోయినట్టా?

ముళ్ల మధ్య దూరం కొలవండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర ప్రతి 37.5 మిల్లీసెకన్లకు ఒకసారి స్పార్కు కొడుతుంది, మూడు సిలిండర్లదైతే 50 మిల్లీసెకన్లకు. ముళ్లు ఆ తాళంలోనే వస్తూ, ఆర్‌పీఎం పెంచితే దగ్గరవుతుంటే అది ఇగ్నిషన్ నుంచి ప్రోబులోకి ఎక్కుతున్న విద్యుత్ అలజడి (నాయిస్). ప్రోబు వైరును కాయిల్ నుంచి దూరంగా జరిపి, ఎర్తు క్లిప్పును సెన్సర్ ఎర్తు పిన్ను దగ్గరికి తెచ్చి మళ్లీ చూడండి. అరిగిన పట్టీ గుంటలకు ఆర్‌పీఎంతో సంబంధం ఉండదు, థ్రాటిల్ స్థానంతోనే ఉంటుంది.

తప్పు ఎప్పుడో ఒకసారి, బండి వేడెక్కాకే వస్తుంది. ఎలా పట్టాలి?

ట్రిగ్గర్‌ను నార్మల్‌లో పెట్టి, దిగే అంచుకు, 0.3 వోల్టుల దగ్గర ఉంచండి. మంచి సిగ్నల్ అంత కిందికి ఎప్పుడూ రాదు, కాబట్టి గుంట పడినప్పుడే స్కోపు పట్టుకుంటుంది. పైకి లేచే రకం బండికి లేచే అంచు, 4.7 వోల్టులు. ట్రిగ్గర్ స్థానాన్ని తెర మధ్యలో ఉంచితే గుంటకు ముందు ఏం జరిగిందో కూడా దొరుకుతుంది. షెడ్డులో హెయిర్ డ్రయర్‌తో సెన్సర్‌ను వేడి చేసి చూడండి. మే నెల మధ్యాహ్నం వరకు ఆగక్కర్లేదు.

రోడ్డు మీద పట్టాలంటే ఇద్దరుండాలి. నడిపేవారు తెర వైపు చూడకూడదు. ఘాట్‌లో వద్దు, రేణిగుంట వైపు తిన్నని రోడ్డులో చేయండి. వైర్లు పెడళ్లకు తగలకుండా టేపు వేయడం మరవకండి.

కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కు ఇదే పద్ధతా?

కీ ఆన్‌లో ఉండగా బటర్‌ఫ్లై దగ్గర వేలు పెట్టకండి. మోటారు ఒక్కసారిగా మూసేస్తే వేలు నలిగిపోతుంది.

ఇందులో సాధారణంగా ఆరు పిన్నులు: మోటారుకు రెండు, 5 వోల్టులు, ఎర్తు, రెండు సిగ్నళ్లు. చాలా థ్రాటిల్ బాడీల్లో ఒక సిగ్నల్ ఎక్కుతుంటే రెండోది దిగుతుంది, రెండింటి మొత్తం 5 వోల్టుల దగ్గర నిలుస్తుంది. రెండు చానళ్లూ సిగ్నళ్లకే పెట్టి, స్కోపు మ్యాథ్‌లో రెండింటినీ కూడండి. థ్రాటిల్ ఎలా కదిలినా ఆ మూడో గీత తిన్నగా ఉండాలి. దాని మీద ఒక్క బొడిపె లేచినా పి2135 (రెండు సిగ్నళ్లకు పొంతన లేదు) కోడుకు కారణం దొరికినట్టే. విడిగా చూస్తే కంటికి ఆనని చిన్న తేడా కూడా కూడికలో బయటపడుతుంది. ఇంజిన్ ఆపి ఉంటే కొన్ని బండ్లలో థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోదు, అది తప్పు కాదు.

బ్రష్షు లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ రకం సెన్సర్లలో పట్టీ అరగదు. వాటి గీతలో దగ్గరగా చూస్తే చిన్న చిన్న మెట్లు కనపడటం సహజం. కొన్ని కొత్త బండ్లలో సిగ్నల్ వోల్టేజీగా కాకుండా డిజిటల్ పల్సులుగా వస్తుంది; వాలు బదులు తెర నిండా పల్సులు కనపడితే సెన్సర్ పాడైందనుకోకండి.

డీజిల్ బండిలో?

కామన్ రైల్ డీజిల్‌లో డ్రైవరు ఎంత తొక్కాడో చెప్పేది పెడల్ దగ్గరి సెన్సరు. పట్టీలు రెండు, తరచుగా ఒకదాని వోల్టేజీ రెండోదానిలో సగం: వదిలినప్పుడు 0.75, 0.37 దగ్గర, పూర్తిగా తొక్కితే 4, 2 దగ్గర. మ్యాథ్‌లో మొదటి దాని నుంచి రెండోదానికి రెట్టింపు తీసేస్తే సున్నా దగ్గర తిన్నని గీత రావాలి. తేడా ఉంటే పి2138 కోడు, పికప్ లేకుండా లింప్ మోడ్ (ఈసీఎం శక్తి తగ్గించి నడిపే స్థితి). పెడల్ కింద చేరే దుమ్మూ, కార్పెట్ తడీ ముందు చూడండి.

బీఎస్6 స్కూటర్లు, బైకులు?

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఇంజెక్షన్ బండ్లలో కూడా ఇదే సూత్రం. చాలా వాటిలో టీపీఎస్, మ్యాప్, గాలి ఉష్ణోగ్రత సెన్సర్లు ఒకే పెట్టెలో ఉంటాయి. అందువల్ల పిన్నులు ఎక్కువ, 5 వోల్టులూ ఎర్తూ ఉమ్మడి. బ్యాటరీ నీరసంగా ఉంటే ముందు ఛార్జింగు పెట్టి తర్వాతే కొలవండి.

స్ప్రే కొట్టి శుభ్రం చేస్తే బాగవుతుందా?

అరిగిన పట్టీ స్ప్రేతో తిరిగి రాదు. థ్రాటిల్ బాడీ కార్బన్ తీసేటప్పుడు క్లీనరు గుడ్డ మీద కొట్టి తుడవండి. నేరుగా ధారగా కొడితే షాఫ్టు వెంబడి సెన్సర్‌లోకి దిగి, ఉన్న గ్రీజు కడిగేస్తుంది.

కొత్తది వేశాక ఏం చేయాలి?

బిగించే స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉంటే, స్కోపు చూస్తూ సెన్సర్‌ను తిప్పి, మూసిన వోల్టేజీని బండి మాన్యువల్‌లో ఉన్న విలువకు తెచ్చి బిగించండి. బటర్‌ఫ్లై స్టాపరు స్క్రూ జోలికి పోవద్దు, అది ఫ్యాక్టరీలో కుదిర్చి పంపినది. దాన్ని తిప్పి వోల్టేజీ సరిచేస్తే ఐడిల్ గాలి లెక్క తప్పుతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే స్కానర్‌తో థ్రాటిల్ రీలెర్న్ (థ్రాటిల్ స్థానాలను ఈసీఎంకు మళ్లీ నేర్పడం) చేయాలి, లేకుంటే ఆర్‌పీఎం ఎగువనే నిలబడుతుంది. తర్వాత కోడు చెరిపి, అదే నిదానపు వాలును మళ్లీ పట్టి, పాత గీత పక్కన సేవ్ చేసి కస్టమరుకు చూపించండి.